కొమ్ము లేని తుప్పు

మా సర్వీస్ సెంటర్లో తుప్పు అనే మాట అనకూడదు. ముందు కౌంటర్లో కూర్చునే అడ్వైజర్లకి నేర్పే మొదటి పాఠం అదే. డోరు అంచు ఉబ్బి పెంకులు పెంకులుగా రాలుతున్నా సరే, కస్టమరుతో "కొంచెం రంగు మార్పు వచ్చిందండీ" అనాలి. ఈ మాట కనిపెట్టినవాడెవడో పెద్దాఫీసులో చల్లటి గదిలో కూర్చుని ఉంటాడు. వాడింట్లో పాలు విరిగితే "చిక్కదనం మార్పు" అని గటగటా తాగేస్తారేమో.

నేను అక్కడ టింకరింగ్ మేస్త్రిని. సొట్టలు తీస్తా, రేకు కోసి అతుకుతా, లప్పం పెట్టి నున్న చేస్తా. ఆరో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నాకు ఇనుము తెలిసినంతగా మా మేనేజరుకి తెలీదు. ఆయనకి టై కట్టుకోవడం తెలిసినంతగా నాకు తెలీదు. జీతాలు మాత్రం టైని చూసే ఇస్తారు.

ఓనర్లనేమైనా వెనకేసుకొస్తానా అంటే, అదీ లేదు. ఒకాయన డాక్టరు. రాలిన తుప్పు పెంకుల్ని మాత్రలు వేసే చిన్న కవర్లో పోసి తెచ్చాడు, రక్తపరీక్షకి పంపుతున్నట్టు. "రోజుకెన్ని రాలుతున్నాయండీ?" అని అడ్వైజరు అడిగింది. "పొద్దున మూడు, సాయంత్రం రెండు" అన్నాడాయన, మొహంలో నవ్వనేదే లేకుండా. ఇంకొకావిడ డిక్కీ మీద తుప్పుకి ఏడాదిపాటు గోళ్ళరంగు పూసుకుంటూ వచ్చింది. "పక్కింటివాళ్ళు చూస్తారని" అంది. అద్దంలో మొహం చూసుకున్నట్టు పైపైన చూసుకుంటారు బండిని. కింద ఏముందో ఒక్కడూ వంగి చూడడు. నడుం పట్టేస్తుంది పాపం.

ఈ ఓనర్లందరికీ రాజు మా బావ.

మా బావంటే మా అక్క మొగుడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ముప్ఫై అయిదేళ్ళు ఇతరుల తప్పుల మీద బతికాడు. రిటైరయ్యాక ప్రెస్సు పోయింది, లోకం మిగిలింది. షాపుల బోర్డులు, మందుల చీటీలు, ఎవరింటి శుభలేఖో ఒకటి, ఏదీ వదలడు. దినానికెళ్ళి సమాధి రాయి మీద ఒత్తు లేదని చచ్చినవాడి కొడుకుతో గొడవ పెట్టుకున్నాడు. మా వీధంతా ఆయన్ని వెనకాల "అచ్చుతప్పు" అంటుంది. ఒకసారి ఎవడో ఎదురుగానే "అచ్చు తప్పు గారూ" అనేశాడు. "రెండు మాటల మధ్య జాగా రాకూడదు, కలిపి పలకాలి" అని దిద్ది వెళ్ళిపోయాడు.

అక్క పెళ్ళయిన కొత్తలో నాకు పధ్నాలుగేళ్ళు. అక్క లేని ఇంట్లో తోచక ఒక ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా నా ఉత్తరమే నాకు తిరిగొచ్చింది, ఒళ్ళంతా ఎర్రసిరాతో. పద్దెనిమిది తప్పులని కింద మొత్తం కూడా వేశాడు బావ. నాకు కొమ్ములు పెట్టడం ఎప్పుడూ కుదరదు. ఒకచోట పెడితే ఇంకోచోట మర్చిపోతా. బళ్ళో దానికే వీపు చిట్లేది. ఆ తర్వాత నేను అక్కకి ఉత్తరం రాయలేదు.

మూడేళ్ళ కిందట ఈ మహానుభావుడు కొత్త బండి కొన్నాడు, మా కంపెనీదే. నన్నొక్క మాట అడగలేదు. అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి, వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వ్యాయామానికి వెళ్ళాలి. ఆయన నడుపుతాడు, ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. ఆర్నెల్ల కిందట ఆ సీటు గతుకు వచ్చినప్పుడల్లా కిర్రుమనడం మొదలైంది. కింద పరిచిన కార్పెట్ ఎత్తి చూస్తే అంచు పొడుగునా ఎర్రటి పొడి.

బావ ఫిర్యాదు రాశాడు. "తమరు గమనించినది సహజమైన రంగు మార్పు మాత్రమే" అని జవాబొచ్చింది. అంతే, అచ్చుతప్పుకి పూనకం వచ్చింది. సీటు మర్చిపోయాడు, సీట్లో కూర్చునే మనిషిని మర్చిపోయాడు, మాట పట్టుకున్నాడు. "అయ్యా, అది రంగు మార్పు కాదు, తుప్పు. తకారానికి కొమ్ము, పకారం కింద పకారం ఒత్తు, దానికీ ఒక కొమ్ము. మీ రికార్డుల్లో సరిచేయగలరు." ఇలాంటివి తొమ్మిది ఉత్తరాలు. తొమ్మిదింటికీ అదే జవాబు, అవే రెండు అచ్చుతప్పులతో. అవి కూడా దిద్ది పంపాడు. పదో ఉత్తరానికి పెద్దాఫీసువాళ్ళకి విసుగొచ్చి, బండి ఎత్తి చూసి కార్డు పంపమని మా మేనేజరుకి చెప్పారు.

"మీ బావగారేగా, నువ్వే చూడు మేస్త్రీ" అన్నాడు మేనేజరు. "చూసింది చూసినట్టే రాయి. కాకపోతే ఎవరి ఉప్పు తింటున్నామో గుర్తుపెట్టుకుని చూడు."

బండి లిఫ్టెక్కించా. కింద నల్లటి కోటింగు నిగనిగలాడుతోంది, ముసలాడు జుట్టుకి రంగేసుకున్నట్టు. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. ఇనుము మెత్తగా ఉండకూడదు. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచా. పిడి దాకా పోయింది. కళ్ళ నిండా ఎర్రపొడి.

సీటు కింద అడ్డంగా డబ్బాలాంటి దూలం ఒకటి ఉంటుంది. సీటు బోల్టులు బిగించేది దానికే. పై రేకు ఉంది. కింది రేకు లేదు, కోటింగే రేకులా నిలబడి ఉంది. లోపల చేరిన నీళ్ళు పోవడానికి ఆ దూలానికి రెండు కంతలుండాలి. ఉన్నాయి కూడా. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలోనే సీలు పేస్టుతో పూడ్చి పైన రంగు కొట్టేశారు. మూడేళ్ళ తడి లోపలే కూర్చుని తాపీగా తినేసింది. ఆ కంతలు పూడ్చింది వానా కాదు, మా బావా కాదు. ఆ పేస్టు మీద కొట్టిన రంగు మా ఫ్యాక్టరీ రంగు.

ఈ బండి రేపు దేన్నైనా గట్టిగా గుద్దితే, సీటుతో సహా మా అక్క ఎటు పోతుందో చెప్పడానికి ఆరో తరగతి చాలు.

అక్క కస్టమర్ల గదిలో మోకాలు చాపుకుని కూర్చుంది. బావ గోడ మీద పోస్టర్లో తప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఏంట్రా, ఏముంది కింద?" అంది అక్క.

"నీ సీటు కింద ఇనుము లేదక్కా. రంగుంది."

"మరి ఇన్నాళ్ళూ దేని మీద కూర్చున్నాన్రా?"

"మా కంపెనీ మాట మీద."

నవ్వింది. నేను నవ్వలేదు. "ఇంక ఈ బండెక్కకు" అన్నా.

"ఎక్కకపోతే మీ బావ ఊరుకుంటారా? బస్సెక్కితే ఆయన బండిని అవమానించినట్టట. కంపెనీ బాగుచేస్తే మంచి సీట్లో కూర్చుంటా. చెయ్యకపోతే ఇందులోనే. నా కాపురమే అంత, కొత్తగా ఏముంది?"

ఆ మాట విన్నాక వెళ్ళి కార్డు రాశాను. "మేస్త్రి పరిశీలన" అని ఒక గడి ఉంటుంది, చేత్తోనే నింపాలి. సీటు కింద దూలంలో తుప్పు ఉన్నది, బండి నడపరాదు, అని రాసి సంతకం గీశా. అలా రాశాననే అనుకున్నా. ఆ గడి కింద సన్న అక్షరాల్లో ఒక రూలు ఉంటుంది: ఇందులో రాసినదాన్ని మేస్త్రి గానీ, బండి ఓనరు గానీ తప్ప ఎవరూ దిద్దరాదు, దిద్దినవారు సంతకం చేయాలి. పూర్వం ఒక మేనేజరు కార్డులు తారుమారు చేసి తన చుట్టాల బళ్ళన్నీ కంపెనీ నెత్తిన బాగుచేయించుకున్నాడు. ఆ ఘనుడి పుణ్యమే ఈ రూలు.

ఎనిమిదో రోజు మేనేజరు పిలిచాడు. టై వదులై ఉంది. ఆయన టై వదులైందంటే పెద్దాఫీసు ఫోను వచ్చినట్టు.

"ఇది చదువు" అని పెద్దాఫీసు కాగితం ఒకటి ముందుకి తోశాడు. నాకు కూడబలుక్కోవడానికి టైము పడుతుందని గుర్తొచ్చి మళ్ళీ లాక్కుని తనే చదివాడు. "దూలంలో తప్పు ఉన్నట్టు మన మేస్త్రే ధ్రువీకరించినందున, దీన్ని తయారీ లోపంగా పరిగణించి, బండి మార్చి ఇవ్వవలసినది. అర్థమవుతోందా? బండి మార్చి! ఇప్పటిదాకా ఈ బ్రాంచిలో ఒక అద్దం మార్చి ఇచ్చిన పాపాన పోలేదు మనం! ఏం రాశావ్ నువ్వు?"

"తుప్పు అని రాశా సార్."

కార్డు తీసి కళ్ళ ముందు పెట్టాడు. నా చేతిరాతే. త పక్కన కొమ్ము లేదు. తప్పు అని ఉంది. రెండో కొమ్ము మాత్రం శుభ్రంగా, బొద్దుగా ఉంది.

నిజం చెప్పొద్దూ, కడుపుబ్బా నవ్వొచ్చింది. ఏ కొమ్ము కోసం నా వీపు చిట్లిందో, ఆ కొమ్మే డుమ్మా కొట్టి మా అక్కకి బండి తెచ్చింది.

"తప్పంటే మనం చేసినట్టు" అన్నాడు మేనేజరు. "తుప్పంటే ఓనరు సరిగ్గా చూసుకోనట్టు. కొట్టేస్తాం."

"మనం తుప్పు అనకూడదు కదా సార్, రంగు మార్పు కదా?"

"అది కస్టమరుకి. చిల్లు పడ్డాక లోపలి కాగితాల్లో తుప్పే. ఒక్క కొమ్ము మేస్త్రీ. చీమ తలకాయంత. పెట్టి సంతకం పెట్టు."

"నాకు కొమ్ములు రావు సార్."

"నేను చూపిస్తా" అని తెల్లకాగితం మీద గీశాడు. పెద్ద చదువులు చదివిన మనిషి, నా పక్కన వంగి, పలక మీద దిద్దించినట్టు కొమ్ము మీద కొమ్ము గీస్తున్నాడు. ఈ ఓపికలో వందోవంతు మా పంతులుకుంటే నేనూ ఇవాళ టై కట్టుకుని అబద్ధాలు చెప్పుకుంటూ ఉందును.

"ఇది పెడితే మీకు కొమ్ము కాసినట్టు సార్. పెట్టను."

"కొమ్ములొచ్చాయే నీకు!"

"వచ్చుంటే కార్డు మీదే పెట్టేవాణ్ణిగా."

మొహం ఎర్రబడింది. రంగు మార్పు.

"ఆ కంతలు పూడ్చింది మనవాళ్ళే సార్" అన్నా. "చేతకాక రాశానో, చేతనై రాశానో, రాసింది మాత్రం సరిగ్గానే రాశా. అది తప్పే."

"రేపట్నుంచి నువ్వు వాషింగులో ఉండు. అక్కడ రాసే పని ఉండదు" అన్నాడు. అని, కార్డు అడుగున సన్న అక్షరాలు మళ్ళీ చదువుకున్నాడు. 'బండి ఓనరు గానీ' అనే దగ్గర ఆయన వేలు ఆగడం నేను చూశా.

సోమవారం బావకి కబురెళ్ళింది. అక్కని కూడా ఎక్కించుకుని అదే బండిలో వచ్చాడు. నేను రబ్బరు బూట్లతో, చేతిలో నీళ్ళ పైపుతో గేటు దగ్గరే పట్టుకున్నా.

"బావా, లోపల కార్డు చూపిస్తారు. దిద్దమంటారు. దిద్దకు. బండి మార్చి ఇవ్వమని పెద్దాఫీసు నుంచి కాగితమొచ్చింది, అది ఇమ్మను. ఇంకేం ముట్టుకోకు."

నన్ను బూట్ల నుంచి పైకి చూశాడు. "ఏది దిద్దాలో ఏది దిద్దకూడదో నువ్వు చెప్పాలట్రా నాకు? ముందు ఆ పైపు కట్టు. నా చెప్పులు తడుస్తున్నాయ్."

పైపు కట్టి వెనకే వెళ్ళా. మేనేజరు గదిలో, ఈ ఖర్చు తప్పించడానికి పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, గళ్ళచొక్కా మనిషి. బావకి కుర్చీ, టీ, ఫ్యాను అటు తిప్పడం, అన్నీ అయ్యాయి. తొమ్మిది ఉత్తరాలు చెత్తబుట్టలో పడేసినవాళ్ళు, లేచి నిలబడి మరీ దండాలు పెట్టారు.

"తమరు అక్షరం మీద అధికారం ఉన్నవారని విన్నాం" అన్నాడు మేనేజరు, గొంతులో వెన్న రాసుకుని. "మా మేస్త్రి, అంటే తమ బావమరిదే అనుకోండి, పాపం పెద్దగా చదువుకోలేదు. ఏదో రాశాడు. తమరొకసారి చూసిపెడితే..."

బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు. బండి కొన్నరోజున కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు. కార్డు దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. పకపకా నవ్వాడు.

"ఒరేయ్! తప్పు అని రాశావురా! దూలంలో తప్పట! ఏం తప్పు చేసిందిరా పాపం దూలం, పక్కబండి దూలంతో లేచిపోయిందా?"

గళ్ళచొక్కాకి నవ్వి నవ్వి పొలమారింది. మేనేజరు నవ్వుతూ ఆయన వీపు తట్టాడు. అక్క నవ్వలేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుని నావైపు చూస్తోంది.

"బావా, దాన్నలాగే ఉండనీ" అన్నా.

"తప్పుని తప్పుగా ఉండనీమంటావా?"

"అవును. తప్పంటే వాళ్ళది. తుప్పంటే నీ నెత్తిన రుద్దుతారు. నేను చెప్పిన కాగితం ఈయన డ్రాయరులో ఉంది. తియ్యమను."

"అవన్నీ లోపలి కాగితాలండీ" అన్నాడు మేనేజరు, మోకాలితో డ్రాయరు నొక్కిపెట్టి.

"ఆర్నెల్లుగా పోరాడుతున్నాను వీళ్ళచేత తుప్పు అనిపించాలని" అన్నాడు బావ. "రంగు మార్పు, రంగు మార్పు అని నా ప్రాణం తోడేశారు. ఇవాళ వాళ్ళే దిగొచ్చి, దిద్దండి మహాప్రభో అంటుంటే, నీ రాత బయటపడుతుందని అడ్డం పడతావా? సిగ్గులేదట్రా? అప్పుడూ కొమ్ము రాలేదు, ఇప్పుడూ రాలేదు."

"ఏమండీ" అంది అక్క. "వాడు చెప్పేది ఒకసారి వినండి."

"నువ్వుండు. ఇది మోకాళ్ళ విషయం కాదు."

మేనేజరు తన పెన్ను మూత తీసి అందించాడు. బావ వద్దన్నాడు. జేబులోంచి తన ఎర్రపెన్ను తీసి, త పక్కన కొమ్ము పెట్టాడు. ఎంత అందంగా పెట్టాడంటే, అచ్చులో పోసినట్టు. మార్జిన్లో ప్రెస్సు గుర్తు వేశాడు, సంతకం పెట్టాడు, తారీఖు వేశాడు.

"ఇప్పుడు చదవండి, గట్టిగా" అన్నాడు.

"తుప్పు" అని చదివాడు గళ్ళచొక్కా.

"ఆఁ!" అన్నాడు బావ, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

గళ్ళచొక్కా సంచీలోంచి రబ్బరు స్టాంపు తీశాడు. ముందే తడిపి తెచ్చుకున్నట్టున్నాడు. కార్డు మీద ఠప్పుమని గుద్ది బావ వైపు తిప్పాడు. *తుప్పు. యజమాని నిర్వహణ లోపం. కోరిక తిరస్కరించడమైనది.*

బావ చదివాడు. పెదాలు కదుపుతూ రెండోసారి చదివాడు. ఇప్పటికైనా వెలుగుతుందేమో అని చూశా.

"ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. స్టాంపు మీద వేలు పెట్టి, "అంటే?" అన్నాడు.

"అంటే నువ్వు గెలిచావు బావా" అన్నా. "పద."

బయట ఎండలో బండి దగ్గర నిలబడి మా బావ పదకొండో ఉత్తరం మొదలుపెట్టాడు, నోటితోనే. "తుప్పు అని వాళ్ళ రికార్డులోనే ఉందిప్పుడు. నా చేత్తో ఉంది. ఇంక కోర్టులో ఎలా తప్పించుకుంటారో చూస్తా. ఊఁ, ఎక్కు" అని అక్క వైపు తలుపు తీశాడు.

అక్క ఎక్కలేదు. తలుపు పట్టుకుని లోపలికి, ఆ సీటు వైపు చూసింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"మీరెళ్ళండి. నేను బస్సులో వస్తా."

"ఆ మోకాళ్ళతో బస్సా?"

"మోకాళ్ళు నావి. అవి అరిగాయని ఎవరూ కార్డు రాసివ్వక్కర్లేదు నాకు."

"నలుగురూ చూస్తున్నారు, ఎక్కు. నా పక్కన ఖాళీ సీటు పెట్టుకుని వెళ్ళమంటావా?"

"ఖాళీ ఎందుకండీ? ఆ కొమ్ముని కూర్చోబెట్టుకెళ్ళండి."

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో మా అక్క ఆయనకి ఎదురు మాట్లాడగా నేను వినలేదు. బావ నోరు తెరిచాడు. ఆ మాటలో ఎక్కడైనా తప్పుందేమో అని వెతుక్కుంటున్నాడని ఆ కళ్ళు చూస్తేనే తెలిసిపోయింది. దొరకలేదు. తలుపు వేసుకుని బండి తీశాడు. గేటు దగ్గర స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు ఖాళీ సీటు కిర్రుమన్నది మాకు వినబడింది.

"ఓ మేస్త్రీ, డ్యూటీ టైమిది!" అని మేనేజరు మెట్ల మీంచి అరిచాడు.

"వాషింగు కదా సార్. తడి ఆరాక వస్తా" అన్నా.

బస్టాపు రెండు వందల అడుగుల దూరం. నా భుజం పట్టుకుని, మూడుచోట్ల ఆగి నడిచింది. సిమెంటు బల్ల మీద కూర్చున్నాక ఊపిరి తీసుకుని అంది, "అప్పుడు నువ్వు ఉత్తరం రాశావు చూడూ..."

"పద్దెనిమిది తప్పులు."

"మీ బావకంటే ముందు నేనే చదివాన్రా. 'అక్కా కశలమా' అని మొదలుపెట్టావు. కొమ్ము లేదని ఆయన గుండ్రంగా చుట్టి చూపించేదాకా నాకు తెలియనే తెలియదు. నేను కుశలమనే చదువుకున్నా."

బూట్లలో నీళ్ళుంటే విప్పి ఒంపేశా.

బస్సొచ్చింది. ఎక్కించడానికి కాస్త కష్టమైంది. కండక్టరు "త్వరగా, త్వరగా" అని విసుక్కున్నాడు, వాడి అమ్మకి మోకాళ్ళే లేనట్టు. కిటికీ పక్క సీటు దొరికింది. అక్క కూర్చోబోయి, సగంలో ఆగి, కిందకి చూసింది.

"ఒరేయ్, దీనికైనా అడుగుందంటావా?"

తడిబూటు మడమతో రెండుసార్లు గట్టిగా తన్ని చూశా. డ్రైవరు అద్దంలోంచి నన్ను మింగేసేలా చూశాడు.

"ఉంది. కూర్చో" అన్నా.